పెట్టెమ్మ పలికిన పూట

పోయిన నెల విరుదునగర్‌లో ఒక ధ్యాన తరగతికి వెళ్ళాను. డాక్టరు రక్తపోటుకు మాత్రలతో పాటు ప్రశాంతతను కూడా రాసిచ్చాడు. మాత్రలు మందుల కొట్లో దొరికాయి. ప్రశాంతత కోసం మాత్రం ఒక కల్యాణ మండపం మేడ మీదికి పొమ్మన్నారు. అక్కడ నా కూతురి వయసున్న ఒక అమ్మాయి, తమలోని దైవాన్ని తామే కనుక్కోవడానికి వచ్చినవాళ్ళ చేత ఒక కాగితం నింపిస్తున్నది. పేరు, వయసు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయా, చివర్లో ఒక ప్రశ్న: ఇంతకు ముందు మీకు దైవానుభవం కలిగిందా? అవును, లేదు అని రెండు గళ్ళు. కలం పట్టుకుని కాసేపు నిలబడి, రెండింట్లోనూ టిక్కు పెట్టాను. ఆ అమ్మాయి చూసి, "సార్, ఏదో ఒకదానిలోనే పెట్టాలి" అన్నది తమిళంలో. "ఆ ఒకటి ఏదా అని పాతికేళ్ళుగా చూస్తున్నానమ్మా" అన్నాను. జోకనుకుని నవ్వింది. నేను నిజం చెప్పినప్పుడల్లా జనం ఇలాగే నవ్వుతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. తరగతి మొదలైంది, కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నాను. లోపల దైవం బదులు మా అక్క కనబడింది, నులక మంచం మీద, గోడకు చేరగిలబడి, ఊపిరి కోసం నోరు కొంచెం తెరుచుకుని.

మాది కోవిల్‌పట్టికీ కడంబూరుకీ నడుమ, రైలు చూస్తూ వెళ్ళిపోయే ఒక నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు చదివేదీ కాదు, రాసేదీ కాదు. వంటింట్లోనూ పొలం గట్టు మీదా పలికేది, అంతే. నేను ఈ అక్షరాలు దిద్దింది పాతికేళ్ళు దాటాక, ఉద్యోగానికి చిత్తూరు వెళ్ళినప్పుడు. అక్కడివాళ్ళు నా మాట విని, అచ్చం మా ముత్తవ్వ మాట్లాడినట్టే ఉందండీ అని ముచ్చటపడేవారు. మీసం పెంచుకుని తిరిగే వయసులో అది వినడానికి అంత బాగుండేది కాదు. మా పెద్దలు ఏ కాలంలోనో ఉత్తరం నుంచి దిగివస్తూ ఒక వెదురు పెట్టె మోసుకొచ్చారట. దారిలో కన్నుమూసిన మా వంశపు ఆడపడుచు ఒకతె ఆ పెట్టెలో ఉంటుంది. ఆమె పేరు దారిలోనే మరిచిపోయారు కాబట్టి పెట్టెమ్మ అన్నారు. నడిమింట్లో అటక మీద, విత్తనాల పత్తి మూటల పక్కన ఉండేది ఆ పెట్టె. ఆ గదిలోకి అడుగుపెడితే విభూతి, ఆముదం, పత్తిగింజలు, ఎలుకలు, ఈ నాలుగూ కలిసిన వాసన. నాకు ఈనాటికీ భక్తి అంటే ఆ వాసనే.

పెట్టెమ్మకు విగ్రహం లేదు, పూజారి లేడు, మంత్రం లేదు. ఆమెకు కావలసింది ఒక మనిషి ఒళ్ళు. ఏడాదికి ఒకసారి, శివరాత్రి వచ్చే మాసి నెల పూజనాడు, సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, మా వంశంలో ఒకడి మీదికి వచ్చి మాట్లాడేది. తరానికి ఒక్కడే. వాడు పోయాక మరొకణ్ణి ఆమే చూసుకునేది. మా తరానికి ముందు ఆ మనిషి మా నాయన. నాయన ఎంత నోరులేని వాడంటే, సంతలో మినుములు అమ్మడానికి వెళ్ళి, కొనేవాడు చెప్పిన ధరకు తలూపడమే కాక, తలూపినందుకు క్షమాపణ చెప్పుకునే రకం. అమ్మ పొద్దున లేచింది మొదలు ఆయన్ని తిట్టేది. "ఏమి మనిషివయ్యా, కప్పు కారతాండాది అని కార్తీకం నుంచి మొత్తుకుంటాండా, ఊ అంటావు, ఆ అంటావు, నిచ్చెన ఎక్కవు." ఆ నాయనే పూజనాడు ఉరుమి డోలు మూలగడం మొదలుపెట్టగానే మారిపోయేవాడు. ఎడమకాలు ముందుకు వచ్చేది, మెడ ఊగేది, ఏ ఆడమనిషిదో తెలియని ఒక గొంతు, మేమెవ్వరం వాడని పాత తెలుగులో, లోపలినుంచి లేచి వచ్చేది. పొద్దున తిట్టిన అమ్మే వెళ్ళి ఆ కాళ్ళ మీద పడి, "తల్లీ, ఇంటికప్పు మార్చేదా, వద్దా?" అని అడిగేది. "మార్చు బిడ్డా" అనేది పెట్టెమ్మ. తరవాత నాయన చెంబెడు మజ్జిగ తాగి, ఏమీ ఎరగనట్టు, "ఏమనె సామి?" అని అడిగేవాడు. "కప్పు మార్చమనె." "అట్లనా" అని మర్నాడే నిచ్చెన వేసేవాడు. దాంపత్యంలో ఇంతకంటే మేలైన ఏర్పాటు నేను ఆ తరవాత ఎక్కడా చూడలేదు.

ఒకసారి నాయనను అడిగాను, ఆమె ఎక్కడినుంచి వస్తుంది అని. ఆయన పత్తి చేలో కలుపు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే, "బయట నుంచి రాదురా. లోపలే ఉండాది. మనం కొంచెం జరిగి చోటిస్తే లేస్తాది" అన్నాడు. లోపల అంటే పొట్టలోనా, ఎదలోనా అని నేను. "జరిగి చూడు, తెలస్తాది" అని ఆయన. నేను అప్పటికే పదో తరగతి. జరగడం కంటే వాదించడం సులువని అప్పటికే తెలిసిపోయింది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను విరుదునగర్‌లో ఫిజిక్సు చదివాను. ఊళ్ళో మొదటి డిగ్రీ నాదే. ఆ కారణం చేత నాకు తెలియని విషయం లోకంలో ఉండకూడదని ఊరూ నేనూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. ఎవరేది అడిగినా చెప్పేవాణ్ణి. ఒట్టపిడారానికి దారి అడిగిన ఒక లారీ డ్రైవరుకు, నేను ఎన్నడూ పోని ఆ దారిని, మలుపులతో సహా వివరించాను. వారం తరవాత ఆయన నన్ను వెతుక్కుంటూ మా టీ కొట్టు దగ్గరికి వచ్చాడని విని, నేను రెండు రోజులు ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఆ చదువుకోసం అక్క బడి మానింది. నాకంటే రెండేళ్ళు పెద్ద. కోవిల్‌పట్టి దగ్గర అగ్గిపెట్టెల కంపెనీలో చెక్క చట్రాలలో పుల్లలు అమర్చేది. చూడకుండా, మాట్లాడుతూ, నవ్వుతూ అమర్చేది. వేళ్ళకు కళ్ళున్నట్టు ఉండేది. సాయంత్రం కంపెనీ వ్యాను దిగి వస్తే ఒళ్ళంతా గంధకం వాసన. నన్ను పేరుతో పిలవడం ఎప్పుడో మానేసి "డిగ్రీ" అనేది. "ఒరే డిగ్రీ, కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయో జెప్పు." చెప్పేవాణ్ణి. "ఓహో. అయితే ఒక చెంబు ముంచియ్యి."

నాయన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, జ్వరంతో పోయాడు. ఆ వానాకాలం అక్కకు ఊపిరి అందడం మానింది. నీళ్ళు మోస్తూ మొదట రెండో బిందె దగ్గర ఆగేది, తరవాత మొదటి బిందె దగ్గరే. కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. కోవిల్‌పట్టి డాక్టరు మదురై పంపాడు. మదురైలో ఆసుపత్రి డాక్టరు, చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందనీ, ఎద తెరిచి ఆపరేషను చెయ్యాలనీ, మళ్ళీ వానలు వచ్చేదాకా ఆగవద్దనీ చెప్పాడు. సాధారణంగా బాగవుతారమ్మా అని కూడా అన్నాడు, మంచి మనిషి. అమ్మ బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఒక్క మాటే అన్నది. "ఎద కోసేదా? పెట్టెమ్మను అడగకుండానా?"

అడగడానికి నాయన లేడు. పెట్టె మూసి ఉంది. అలాంటప్పుడు మా ఇళ్ళల్లో పూలు కట్టి చూస్తారు. ఒక తెల్ల పువ్వునూ ఒక ఎర్ర గన్నేరునూ వేరువేరుగా ఆకుల్లో చుట్టి, సామి ముందు పడేసి, ఒకటి తీస్తారు. తెలుపు వస్తే సరే, ఎరుపు వస్తే కూడదు. అమ్మ స్నానం చేసి, తడిచీరతో కట్టి చూసింది. ఎరుపు వచ్చింది.

"అమ్మా, ఒకసారి చూస్తే చాలదు. మూడుసార్లు చూద్దాం, రెండు ఏది వస్తే అది" అన్నాను.

"సామి ఏమన్నా కిరికెట్టు ఆడతాందారా నీతో?" అన్నది అమ్మ. ఏడుస్తూనే అన్నది.

పెరుమాళ్ళు మామ, అంటే అమ్మ తమ్ముడు, పెద్దరికానికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆయనకు ఏ విషయంలోనైనా చెడు జరుగుతుందని ముందే చెప్పడం ఇష్టం. జరగకపోతే ఎవరూ గుర్తు పెట్టుకోరు, జరిగితే ఆయన జ్ఞాని. "పువ్వు వద్దనె. డాక్టరు చెయ్యమనె. ఎవురు పెద్ద? కోసినారంటే బిడ్డ పీనుగై వస్తాది, నేను జెప్తాండా." నేను ఆక్సిజను గురించీ రక్తప్రసరణ గురించీ ఒక ఉపన్యాసం ఇచ్చాను. మామ అంతా విని, "రొంబ బాగుండాది రా. పరీచ్చలో రాయి" అన్నాడు. పువ్వు మాటను మార్చగలది ఒక్కటే, సామి నోటి మాట. మాసి నెల పూజకు సామి ఎవరి మీదికైనా వచ్చి చెయ్యమంటే సరి. అంతదాకా ఆగాలి. అది తీర్పు.

నేను అక్కను పట్టుకుని, ఎవరి మాటా వినొద్దు, నేను తీసుకుపోతాను అన్నాను. ఆమె నవ్వి, ఊపిరి కోసం ఆగి, "అమ్మ ఏడస్తా ఉండంగ నేను పోయి కత్తి కింద పండుకోలేనురా. అమ్మ సరే అననీ, పరిగెత్తతా" అన్నది. పరిగెత్తడమట. బావి దాకా నడవలేని మనిషి.

అలా నాకు దేవుడు అవసరమయ్యాడు. అంతకుముందు ఆయనతో నాకు పెద్ద పేచీ లేదు, పెద్ద పనీ లేదు. విరుదునగర్‌లో నేనూ నా స్నేహితుడూ ఒక మిరపకాయల గోదాము పైగదిలో అద్దెకుండేవాళ్ళం. ఆదివారం ఆదివారం నూనె వర్తకుల సత్రంలో ఒక స్వామి ఉపన్యాసం చెప్పేవాడు. దేవుణ్ణి గుళ్ళో వెతకకు, కొండల్లో వెతకకు, నీ లోపలే ఉన్నాడు, నువ్వే ఆయన, అని. నాయన కలుపు తీస్తూ చెప్పినదే ఈయన మైకులో చెబుతున్నాడనిపించి ఆశ పుట్టింది. ఉపన్యాసం అయ్యాక దగ్గరికి పోయి, "స్వామీ, లోపల ఉన్నాయన చేత ఒక మాట చెప్పించాలి, మాసి నెల లోపల" అని అడిగాను. ఆయన, "తొందరగా ఉన్నావు నాయనా. రోజూ ఉదయం కదలక కూర్చుని, వెతికేది ఎవరో చూడు" అన్నాడు. కూర్చున్నాను. మిరపకాయల గోదాము పైన ఆత్మను వెతకడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. కళ్ళు మూసుకుని, నేనెవరు అని మూడుసార్లు అనుకునేసరికి తుమ్ము వచ్చేది. తుమ్మింది ఎవరు అని చూస్తే మళ్ళీ నేనే. రోజులు గడిచాయి. లోపల వెతికినకొద్దీ దొరికినవి ఇవి: ఆకలి, తప్పిన ఒక పేపరు, ఎదురింటి అమ్మాయి, భయం. భయం కింద ఇంకేమైనా ఉందేమో అని చూశాను, ఇంకొంచెం భయం ఉంది. వారాంతం ఇంటికి వెళితే అక్క పాదాల మీద వేలు నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేది. నేను ఆ గుంట వంక చూసి, సోమవారం మళ్ళీ వచ్చి కూర్చునేవాణ్ణి. నిజం చెప్పాలంటే దాన్ని ధ్యానం అనకూడదు. తలుపు లోపలివైపు నుంచి గడియ పెట్టి ఉందో, లోపల ఎవరూ లేరో తెలియక, బాదుతూ ఉండడం అది.

పూజకు పది రోజులుండగా ఒక నిర్ణయానికి వచ్చాను. దేవుడు రాకపోతే నేనే రావాలి. నాయనను పదిహేను సార్లయినా చూశాను కదా. గదిలో నిలబడి సాధన చేశాను: మెడ ఊపడం, పళ్ళు కొరకడం, గొంతు మార్చడం. మాటలు కూడా తయారుచేసుకున్నాను. "బిడ్డను తీసకపొండి. కత్తి నాది, కత్తి పట్టే చెయ్యి నాది." బాగా వచ్చిందనే అనుకున్నాను. ఎందుకంటే నా స్నేహితుడు తలుపు తీసుకుని వచ్చి, నాకు మూర్ఛ వచ్చిందనుకుని, తాళంచెవుల గుత్తి నా పిడికిట్లో కుక్కి, కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. వాడికి నిజం చెప్పలేదు. కొన్నాళ్ళు చాలా మర్యాదగా ఉన్నాడు నాతో.

పూజనాడు ఎండ నిలువునా దిగింది. పెట్టెను కిందికి దించి వాకిట్లో పీట మీద పెట్టారు. వంశంలో మీసం వచ్చిన మగవాళ్ళం నలుగురం, తలకు పోసుకుని, తడిబట్టలతో వరసలో నిలబడ్డాం. ఉరుమి మూలగసాగింది. డోలు ముఖం మీద వంకర పుల్లతో రాస్తే వచ్చే ఆ మూలుగు కడుపులో పేగు పట్టుకుని లాగుతుంది. అరగంట గడిచింది. ఎవరి మీదికీ ఎవరూ రాలేదు. మా పెదనాయన కొడుకు ఒకసారి అదిరితే అందరూ ఆశగా చూశారు. చీమ కుట్టిందట. అమ్మ చేతులు జోడించి ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తున్నది. నా ముఖం దగ్గర ఎక్కువసేపు ఆగింది. గోడ నీడలో నులక మంచం మీద అక్క కూర్చుని ఉంది. ఆమె మెడ పక్క నరం ఎగిరెగిరి పడడం ఇక్కడికి కనబడుతున్నది. నేను మొదలుపెట్టాను.

మెడ ఊపాను, పళ్ళు కొరికాను, నాలుగు అడుగులు తొక్కాను. ఆడవాళ్ళు గొంతెత్తి ఏడ్చారు. మామ పిడికెడు విభూతి తెచ్చి నా నుదుట కొట్టాడు, దానిలో సగం కంట్లో పడింది. తయారుచేసుకున్న మాట పలికాను. కత్తి నాది, చెయ్యి నాది. ఎవరో "తల్లీ, వచ్చినావా" అని కేక వేశారు. పని అయిపోయినట్టే అనిపించింది. అప్పుడు అమ్మ వచ్చి నా కాళ్ళ మీద పడింది. అమ్మ నడినెత్తిని, ఆ నెరిసిన పాపటను, నేను పైనుంచి చూడడం అదే మొదటిసారి. ఆమె "తీసకపోయేదా, వద్దా" అని అడుగుతుందని నేను అనుకున్నాను. నాయనను ఎప్పుడూ అలాగే కదా అడిగేది, చేసేదా, వద్దా అని. అమ్మ అలా అడగలేదు. తల ఎత్తి, "తల్లీ, నా బిడ్డ బతుకుతాదా?" అన్నది.

మామ చెయ్యెత్తాడు, ఉరుమి ఆగింది. బతుకుతాది అనే మాట నా పళ్ళ దాకా వచ్చి ఉంది. అది అనడం కంటే సులువైన పని నా జీవితంలో లేదు. జీవితమంతా ఆ పనే చేశాను. ఆ తరవాత ఏం జరిగిందో నేను శాస్త్రీయంగా వివరించలేను, ఫిజిక్సులో నాది సెకండ్ క్లాసే. పళ్ళ దాకా వచ్చిన మాట వెనక్కు పోయింది. నేను జరిగానో, కూలిపోయానో తెలియదు, లోపల నేనుండే చోట నేను లేను. చాలా నెమ్మదిగా, నాయన గొంతూ కాని, నా గొంతూ కాని ఒక గొంతు, "తెలీదు" అన్నది. "నాకు తెలీదు తల్లీ. తీసకపో. నేనూ నీ కూడ వస్తా."

వాకిట్లో గుసగుస లేచింది. సామి తెలీదనేదా? మామ, "ఏందిది? సామికే తెలీకుంటే మనమెవుర్ని అడిగేది?" అన్నాడు. అమ్మ మాత్రం లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుని, చాలా మామూలు గొంతుతో, "దాని గుడ్డలు సర్దండి. మదురైకి పోతాం" అన్నది. నాకు ఎవరో చెంబెడు మజ్జిగ ఇచ్చారు. చేతులు వణికి సగం ఒలికింది. ఆ వణుకు నేను సాధన చేసింది కాదు.

ఆపరేషను రోజు ఉదయం అక్కకు రెండు జడలు వేసి, ఆకుపచ్చ గౌను తొడిగారు. బడి పిల్లలా ఉంది. అమ్మ కాగితాల కోసం వెళ్ళింది. అక్క నన్ను చేత్తో పిలిచింది.

"ఒరే డిగ్రీ, ఇట్ల దా. ఆ పొద్దు ఆడితివి గదా?"

నేను ఆమె కాళ్ళ మీది దుప్పటి సర్దాను.

"నాయన ఎడమకాలు ముందర పెట్టేది. నువ్వు కుడికాలు పెడితివి. మంచం మీద నుంచి చూస్తానే ఉండా. నవ్వు ఆపుకునేదానికే ఉండే ఊపిరి అంతా అయిపోయె."

"అమ్మకు చెప్తివా?"

"చెప్పింటే ఈడ ఉంటానా?" ఊపిరి తెచ్చుకుంది. "కాని ఆ తెలీదనింది నువ్వు కాదురా."

"నేనేనక్కా. నాకు ఏం చెప్పేదో తోచలే. అంతే."

"పోరా. పుట్టినకాడ నుంచి నీకు తెలీందేమన్నా ఉండాదా? ఒట్టపిడారానికి పోయే లారీని తిరుత్తంగలుకు తోలినోడివి. నువ్వయితే బతుకుతాదనే చెప్పుందువు. నాకు నీ సంగతి తెలుసు గాబట్టి ఇంకా బయం అయ్యుండును. తెలీదు, కూడ వస్తా అనినాక నాకు బయం పోయిందిరా." తరవాత, నర్సు వస్తుంటే, గొంతు తగ్గించి, "అది ఎవురో గాని, మంచిది" అన్నది.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. నిజంగానే బాగా జరిగింది. రెండో రోజు కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. నాలుగో రోజు పొద్దున పోయింది. ఎవరి తప్పూ లేదు. గుండె చాలా ఆలస్యంగా తమ చేతికి వచ్చిందని డాక్టరు అన్నాడు, తన అద్దాలు తుడుచుకుంటూ. ఆ ఆలస్యం మాసి నెల దాకా మేం ఆగిన ఆలస్యమా, నా చదువుకోసం ఆమె జ్వరాలను ఎవరూ పట్టించుకోని ఆలస్యమా అని నేను అడగలేదు. ఆయన చెప్పేవాడేమో.

పదహారో రోజు కర్మకు వచ్చిన బంధువులంతా వసారాలో కూర్చున్నారు. పెరుమాళ్ళు మామ గొంతు సవరించుకున్నాడు. అన్ని నాళ్ళు ఆగడం ఆయనకు కష్టమయ్యే ఉంటుంది. "నేను ఆ పొద్దే జెప్తి. పువ్వు వద్దనె. సామి వచ్చి తీసకపొమ్మనె. ఏమాయె ఇప్పుడు? సామి మాట పొయ్యి అయిపోయె గదా, వట్టి అబద్దం? వచ్చింది సామో, ఇంకేందో!" ఆ మాట అని నా వైపు చూశాడు. నేను లేచి ఒప్పుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను. ఒప్పుకుంటే నన్ను కొడతారు, కొడితే కొంచెం బాగుంటుంది అనిపించింది.

అమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. "పొయ్యి ఏముండాది అందులో?" అన్నది. "నేను అడిగితి, తెలీదనె. డాక్టరు బాగయిపోతాదనె. నువ్వు చచ్చిపోతాదంటివి. పువ్వు వద్దనె. ఎవురికీ ఏమీ తెలీదు, అందరూ చెప్తిరి. తెలీదని జెప్పి నా పక్కన వచ్చి కూసున్నది అదొక్కటే. ఆ నాలుగు దినాలు ఆ వరండాలో నేను ఒంటిగా లేనురా పెరుమాళ్ళు. నువ్వు వచ్చింటివా ఆడికి?" మామ రాలేదు. చేలో పని ఉండింది. నేను మళ్ళీ కూర్చున్నాను. ఆమె దగ్గర మిగిలింది అదొక్కటే అయినప్పుడు, దాన్ని నా నిజాయితీ కోసం లాక్కునే హక్కు నాకు కనబడలేదు. అంత పెద్ద అబద్ధం నాది అని చెప్పుకోవడానికి కూడా, ఆ వాకిట్లో ఏ సగం నాదో నాకు తెలియాలి కదా.

ఆ తరవాత నేను పూజ వరసలో నిలబడలేదు. కొన్నేళ్ళకు పెట్టెమ్మ మా పెదనాయన కొడుకు మీదికి రావడం మొదలుపెట్టింది, ఈసారి చీమ కాదు. ధారాళంగా పలుకుతాడు. అందరికీ పెళ్ళిళ్ళు అవుతాయి, అందరికీ ఉద్యోగాలు వస్తాయి, అందరూ బతుకుతారు. పెట్టెకు ఇప్పుడు సిమెంటు గది, టైల్సు, మైకు సెట్టు. ఎలుకలు లేవు కాబట్టి నాకు అక్కడ భక్తి కలగదు. నేను మాత్రం వెతకడం మానలేదు. చిత్తూరులో ఒక ఆశ్రమం, తిరిగి వచ్చాక విరుదునగర్‌లో రెండు యోగా బడులు, ఇప్పుడు ఈ కల్యాణ మండపం. ఆనాడు మా వాకిట్లో అరవై మంది ఎండలో నిలబడి ఒక మాట కోసం వేచి ఉన్నారు, ఆ మాట మీద ఒక ప్రాణం ఆనుకుని ఉంది. ఈనాడు మేడ మీద చల్లటి గాలిలో అరవై మందిమి కూర్చుని ఎవరి ప్రశాంతత కోసం వాళ్ళం చూస్తున్నాం, ఎవరి మీదా ఏదీ ఆనుకుని లేదు. అందుకేనేమో ఎవరూ లోపలినుంచి లేవరు. లేదా లేస్తున్నారేమో, నేనే జరగడం లేదేమో. ఒక్కసారి చోటిచ్చాను, అదీ నా ఇష్టంతో కాదు. ఆ ఒక్కసారీ అక్కను నిలపలేదు. ఇదంతా ఆ గళ్ళలో పట్టదు.

అమ్మ చివరి పదేళ్ళు నా దగ్గరే, విరుదునగర్‌లో ఉంది. తమిళ వీధిలో ఆమె పాత తెలుగు ఎవరికీ పట్టేది కాదు, అయినా వీధిలో ఎవరింట్లో ఆపరేషనన్నా ఆమెను పిలుచుకుపోయేవారు. ఎలా మొదలైందో నాకు తెలియదు. పెద్ద ధైర్యవంతురాలు కాదు, ప్రార్థనలు రావు, కథలు చెప్పదు. వెళ్ళి కూర్చునేది, అంతే. ఒకరోజు మధ్యాహ్నం ఆమెకు అన్నం క్యారియరు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషను గది తలుపు ఎదురుగా, బెంచీలు ఖాళీగా ఉన్నా, నేల మీదే కూర్చుని ఉంది. పక్కన ఒక చిన్న వయసు అమ్మాయి, ఎవరి భార్యో, మెడలోని తాళిని పిడికిట్లో బిగించి పట్టుకుని, అమ్మ ముఖంలోకి చూస్తూ, సొంత అవ్వను పిలిచినట్టు పిలుస్తూ తమిళంలో అడుగుతున్నది. "ఆయనకు బాగవుతుందా పాట్టీ? చెప్పు పాట్టీ, బాగవుతుందా?"

క్యారియరు పట్టుకుని నేను మూలమలుపు దగ్గరే ఆగిపోయాను. అమ్మ ఆ అమ్మాయి మోకాలి మీద చెయ్యి పెట్టింది. "నాకేం తెలుసు బిడ్డా" అన్నది, తమిళం మరిచిపోయి, మా ఇంటి తెలుగులోనే. "నేనుండా. కూసుందాం." ఆ అమ్మాయికి ఒక్క మాటా అర్థమై ఉండదు. పిడికిలి మాత్రం మెల్లగా విప్పింది. నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. అన్నం చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.